ఒక మిల్లీమీటరు కిందున్నా సరే

వాలిపోయిన పై రెప్పను ఆపరేషన్ చేయించుకుని లేపించుకున్నవాళ్ళలో కొందరికి రెండు రెప్పలూ ఒక ఎత్తులో కుదరవు. ఒకటి ఎక్కువ లేస్తుంది, లేదా తక్కువ లేస్తుంది. ఎత్తు సరిపోయినా ఒక్కోసారి వంపు తేడా వస్తుంది. నా కుడి రెప్ప ఎక్కువ లేచిన రకం. శింగనమల చుట్టుపక్కల బడుల్లో లెక్కల పంతులుగా పనిచేసి, రిటైరైనాక ఈ ఆపరేషన్ చేయించుకున్నాను. తర్వాత మళ్ళీ సరిచేయించుకున్నాను కూడా. అప్పటినుంచి రెప్ప సంగతి ఏదున్నా ఊర్లోవాళ్ళు మా అరుగు మీదికే వస్తున్నారు. నేను డాక్టరును కాను. డాక్టర్లను విసిగించి అడిగి తెలుసుకున్నవీ, నా కంటిమీద చూసుకున్నవీ రాస్తున్నాను.

1. మొదటి వారం అద్దం మాట వినకండి

కట్టు విప్పిన రోజు ఎవరి రెప్పలూ సమానంగా ఉండవు. వాపు ఉంటుంది, రెప్పలో రక్తం కట్టి కమిలి ఉంటుంది, ఆ బరువుకు రెప్ప దిగుతుంది. అసలు ఆపరేషన్ బల్ల మీదే లెక్క తప్పడానికి కారణాలున్నాయి. మత్తు సూదిలో రక్తం ఎక్కువ కారకుండా అడ్రినలిన్ కలుపుతారు. రెప్పలో ముల్లర్ కండరం అని సన్నటిదొకటి ఉంటుంది. అడ్రినలిన్ తగిలితే అది బిగుసుకుని రెప్పను కాస్త పైకి లాగుతుంది. మత్తు మందేమో రెప్పను లేపే అసలు కండరాన్ని, అంటే లివేటర్‌ను, నీరసపెడుతుంది. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి. ఈ రెండింటి మధ్య డాక్టరు ఎత్తు నిర్ణయించాలి. అందుకే పెద్దవాళ్ళకు పూర్తి మత్తు ఇవ్వకుండా, మెలకువగా ఉంచి, కుట్లు బిగించే ముందు లేపి కూర్చోబెట్టి చూస్తారు. అంత చేసినా అది అంచనానే. వాపు దిగినాక ఎక్కడ నిలుస్తుందో ఎవరూ రాసివ్వలేరు.

అద్దం చూడొద్దన్నానని డాక్టరు దగ్గరికి పోవడం మానేయొద్దు. రమ్మన్న రోజుకు పోవాల్సిందే. ఎందుకో ఆరో పాఠంలో చెప్తాను.

2. తేడాను కొలవండి

"వంకరగా ఉంది" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. కొలత చెప్పాలి. మనిషిని ఎదురుగా చూడమని టార్చి వేస్తే నల్లగుడ్డు మధ్యలో వెలుగు చుక్క పడుతుంది. ఆ చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా ఎంత దూరమో స్కేలుతో చూస్తారు. బాగున్న కంటికి అది 4 నుంచి 5 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్లకు తగ్గితే రెప్ప చూపుకు అడ్డం వస్తుంది. రెండు కళ్ళకూ మధ్య తేడా ఒక మిల్లీమీటరు లోపల ఉంటే ఆపరేషన్ బాగా కుదిరినట్టే లెక్క. అంతకంటే సన్నటి తేడా మనకు తప్ప ఎదుటివాళ్ళకు కనపడదు.

ఇంట్లో కొలవాలంటే ఫోను చాలు. కానీ మీకు మీరు తీసుకున్న సెల్ఫీ పనికిరాదు. ఫోను దగ్గరగా ఉంటే ముఖం సాగి వస్తుంది, చెయ్యి పైకెత్తితే చూపు మారి రెప్ప కూడా మారుతుంది. ఇంకొకరిని పిలిచి, వాకిట్లో వెలుతురుకు నిలబడి, ఫోనును మీ కళ్ళ ఎత్తులో పట్టించి, కనుబొమ్మలు వదులు చేసి తీయించుకోండి. వారానికొకటి, అదే చోట, అదే వేళకు. నా ఫోటోలన్నీ వేపచెట్టు దగ్గర మా మనవడు తీసినవే. వాటిని వరసగా చూపిస్తే డాక్టరు నా మాటలు సగంలో ఆపి ఫోటోలే చూశాడు.

పాత ఫోటోలు కూడా తీసుకుపోండి. నా పెళ్ళి ఫోటోలో ఎడమ రెప్ప కుడిదానికంటే కొంచెం కిందనే ఉంది. ముప్పై ఏళ్ళ వయసులో లేని సమానం డెబ్బై దగ్గర పడినాక కావాలని అడగడం న్యాయం కాదు.

3. రెండు రెప్పలకూ మోటారు ఒకటే

జనానికి అంతుబట్టనిది ఇదే. కుడి రెప్ప వాలిందని కుడిదానికి ఆపరేషన్ చేస్తే, వారం తిరక్కుండానే ఎడమది వాలినట్టు కనపడుతుంది. "బాగుండే కన్నును కూడా చెడగొట్టినారు" అని ఇంట్లోవాళ్ళు లేస్తారు. డాక్టరు ఎడమ కన్నును ముట్టుకోనే లేదు.

మెదడు రెండు రెప్పలకూ ఒకే కొలతలో ఆజ్ఞ పంపుతుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎవాల్డ్ హెరింగ్ 1868లో కంటి కదలికల గురించి చెప్పిన సూత్రం ఇది. రెప్పలకూ అదే వర్తిస్తుంది. మన చేన్లలో చూసిందే చెప్తాను. ఒక బోరు మోటారు మీద రెండు డ్రిప్పు లైన్లు ఉన్నాయనుకోండి. ఒక లైన్లో మట్టి పట్టి నీళ్ళు సరిగా రాకపోతే, రైతు మోటారు ఒత్తిడి పెంచుతాడు. రెండో లైన్లో అవసరానికి మించి నీళ్ళు కారుతుంటాయి. మట్టి తీసేసి ఒత్తిడి మామూలుకు తెస్తే, రెండో లైన్లో ధార తగ్గుతుంది. ఆ లైన్లో కూడా ఇంత మట్టి ఉందని అప్పుడు బయటపడుతుంది.

కాబట్టి మొదటి ఆపరేషన్‌కు ముందే ఈ పరీక్ష అడగాలి. వాలిన రెప్పను డాక్టరు వేలితో మెల్లిగా పైకెత్తి పట్టుకుంటే రెండోది దిగుతుందేమో చూస్తారు. లేదా వాలిన కంట్లో, రెప్పను కాసేపు లేపే ఫినైలెఫ్రిన్ చుక్క వేసి, కొన్ని నిమిషాలాగి, రెండు రెప్పలూ చూస్తారు. రెండోది దిగితే రెండింటికీ కలిపి చేయాలా అని ముందే మాట్లాడుకోవచ్చు. వాలిన కన్నే మీ చూపులో పెత్తనం చేసే కన్నైతే ఈ దిగడం ఇంకా ఎక్కువ కనపడుతుంది.

కనుబొమ్మలది కూడా ఇలాంటి కథే. ఏళ్ళ తరబడి వాలిన రెప్పను నుదురుతో ఎత్తి చూసినవాళ్ళు, రెప్ప లేచినాక నుదురు వదిలేస్తారు. బొమ్మ దిగుతుంది, దాంతో చర్మం రెప్ప మీద పడుతుంది. ఇది రెప్ప దోషం కాదు.

4. మన గాలికి లేచిన రెప్ప పనికిరాదు

ఇది నా సొంత తీర్పు. నగరంలో ఏసీ గదుల్లో ఉండేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

నా కుడి రెప్ప ఎడమదానికంటే దాదాపు రెండు మిల్లీమీటర్లు పైకి పోయింది. నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు గీత కనపడేది. ఎదురింటాయన అడిగాడు: "ఏం సార్, యాడన్నా భయపడినారా? ఒక కన్ను అట్లనే తెరుచుకోనుండాది." చూపు బాగుంది కదా, మొహం ఎట్లుంటే ఏమిలే అనుకున్నాను. ఆషాఢం వచ్చేదాకా.

మన అనంతపురం జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. గాలి మాత్రం కొదవ లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆషాఢం మొదలుకొని రెండు మూడు నెలలు శింగనమల చెరువు కట్ట మీద నిలబడితే కళ్ళు తెరవలేం. చెరువులో నీళ్ళు లేని ఏడు ఆ దుమ్మంతా ఊర్లోకే. సెనక్కాయ నూర్పిళ్ళప్పుడు ఇంకో రకం దుమ్ము. రెప్ప పూర్తిగా మూసుకోని కంటికి ఇది నరకం. రాత్రి నిద్రలో నా కన్ను సన్నగా తెరుచుకుని ఉందని మా ఇంటామె చెప్పింది. పొద్దున లేస్తే ఇసుక పోసినట్టు గరగర, ఎరుపు, వెలుతురు చూస్తే నీళ్ళు. నల్లగుడ్డు మీది పొర ఆరిపోయి సన్నటి గీతలు పడ్డాయని డాక్టరు పచ్చ రంగు మందు వేసి చూపించాడు.

రెప్ప పని మొదట కంటిని మూయడం, తర్వాతే తెరవడం. కింద ఉండిపోయిన రెప్పతో కొంత చూపు తగ్గుతుంది, అందం తగ్గుతుంది. పైనుండిపోయిన రెప్పతో నల్లగుడ్డు పుండుపడితే చూపే పోయే ప్రమాదం ఉంది. అందుకే చేన్లో పనిచేసేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, కన్నీరు తక్కువ ఉన్నవాళ్ళు డాక్టరుతో ముందే ఒక మాట చెప్పండి: "ఒక మిల్లీమీటరు కిందున్నా సరే, పైకి మాత్రం వద్దు." ఆపరేషన్‌కు ముందు కన్నీటి పరీక్ష ఉంటుంది. సన్నటి కాగితం ముక్కను కింది రెప్పలో పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే నయం, 5 లోపల ఉంటే జాగ్రత్త. కళ్ళు మూసినప్పుడు గుడ్డు పైకి తిరుగుతుందా లేదా అన్నది కూడా చూస్తారు. తిరగనివాళ్ళకు రెప్పను ఎక్కువ లేపకూడదు.

పైకి పోయిన రెప్పకు మొదటి వారాల్లో మర్దన చెప్తారు. చూపు పైకి పెట్టి, వెంట్రుకల దగ్గర రెప్పను వేలితో మెల్లిగా కిందికి పట్టి ఉంచడం. కుట్లు ఆరకముందే సొంతంగా మొదలుపెట్టొద్దు, డాక్టరు సరే అన్నాకే. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు, బయటికి పోతే పక్కలు మూసుకునే అద్దాలు. కొందరికి దీంతోనే సర్దుకుంటుంది. నాకు సర్దుకోలేదు. కొన్ని నెలలాగి, రెప్పను తెరిచి, బిగించిన కండరాన్ని వెనక్కి వదిలి దించారు. కుడిది దిగినాక ఎడమది కొద్దిగా తానే లేచింది. మూడో పాఠంలోని మోటారు లెక్కే. ఇప్పుడు నా కుడి రెప్ప ఎడమదానికంటే అర మిల్లీమీటరు కింద ఉంది. నాకు ఇది చాలు.

5. ఎత్తు వేరు, మడత వేరు

చాలామంది "రెప్ప వంకర" అని చూపించేది రెప్ప అంచు కాదు, దాని పైనుండే మడత. ఒక కంటికి మడత పైన, ఇంకో కంటికి కింద పడితే, అంచులు సమానంగా ఉన్నా ముఖం తేడాగా కనపడుతుంది. దానికి కండరాన్ని ముట్టుకోకుండా చర్మం మీదనే పనిచేస్తే సరిపోవచ్చు. ఇంకో రకం, అంచు వంపు తప్పడం. బాగున్న రెప్పకు అన్నిటికంటే పైనుండే చోటు కంటిపాప మీదో, దానికి రవ్వంత లోపలి పక్కో ఉంటుంది. ఒక కుట్టు మరీ బిగిస్తే అక్కడ గూడు కట్టినట్టు లేస్తుంది. మీది ఏ రకమో డాక్టరు నోటితో చెప్పించుకోండి. ఎత్తా, మడతా, వంపా? ఆ ముక్క తేలకుండా రెండో ఆపరేషన్‌కు సంతకం పెట్టొద్దు.

6. తొందరగానైనా చేయాలి, లేదా ఆగనైనా ఆగాలి

సరిచేయడానికి రెండు సమయాలున్నాయి. మొదటిది ఆపరేషన్ అయిన తొలి వారం, రెండు వారాల లోపల. అప్పటికి లోపల మచ్చ గట్టిపడదు. కుట్టు జారిందనో, మరీ బిగుసుకుందనో స్పష్టంగా తెలిస్తే గాటు తెరిచి కుట్టు సర్దొచ్చు. రివ్యూకు పోవడం మానొద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. ఈ అదను దాటితే మూడు నెలలైనా ఆగాలి, ఆరు నెలలకు ఇంకా నయం. మధ్యలో లోపలంతా ఎర్రగా, గట్టిగా ఉంటుంది. ఆ సమయంలో కోస్తే కండరం ఏదో మచ్చ ఏదో తెలియదు.

ఈ ఆగే నెలలు కష్టం. బంధువులు ఫోటో పంపమంటారు, పెళ్ళిళ్ళలో అడుగుతారు. తమిళనాడులో ఎవరో ఫలానా డాక్టరు వారంలో సరిచేస్తాడట అని వార్తలొస్తాయి. ఆగండి. ఆగకూడని సందర్భం ఒకటే. నల్లగుడ్డు ఆరిపోయి నొప్పి, ఎరుపు, చూపు మసక మొదలైతే నెలల లెక్క పక్కనపెట్టి ఆ రోజే పోవాలి.

తక్కువ లేచిన రెప్పకు తేడా రెండు మిల్లీమీటర్ల లోపలే ఉండి, ఫినైలెఫ్రిన్ చుక్కకు రెప్ప బాగా లేస్తే, బయట గాటు లేకుండా రెప్ప తిప్పి లోపలి నుంచి ముల్లర్ కండరాన్ని కొంత తగ్గించే పద్ధతి ఉంది. పుట్టర్‌మన్, ఉరిస్ట్ అనే అమెరికా డాక్టర్లు 1975లో ప్రచురించారు. కొలత బాగా కుదురుతుందని డాక్టర్లు ఇష్టపడతారు. రెప్ప లేపే చుక్కల మందు ఒకటి, ఆక్సీమెటజోలిన్, 2020లో అమెరికాలో అనుమతి పొందింది. అది వేసిన కొన్ని గంటలే పనిచేస్తుంది. పెళ్ళికి పోయేదానికి పనికొస్తుందేమో, చేనికి పోయేదానికి కాదు.

7. పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు ఉంటే ఆపరేషన్ మాట వద్దు

రెప్ప పొద్దున బాగుండి, పొద్దు గూకేసరికి వాలిపోతే, ఒకసారి కుడి ఒకసారి ఎడమ మారుతుంటే, వస్తువులు రెండుగా కనపడితే, మింగడం కష్టమైతే, అది మయస్తీనియా గ్రేవిస్ కావచ్చు. నరం నుంచి కండరానికి సందేశం అందని జబ్బు. దానికి మందులు, కత్తి కాదు. రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెట్టి తీస్తే రెప్ప లేస్తుందేమో చూడటం ఇందులో ఒక సులువైన పరీక్ష. తర్వాత రక్త పరీక్ష ఉంటుంది. ఒకసారి చేసిన ఆపరేషన్ నిలవలేదంటే, రెండోది చేసే ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి. మీరు అడక్కపోతే కొన్నిచోట్ల ఎవరూ అడగరు.

ఇంకొకటి. రెప్ప ఉన్నట్టుండి వాలి, తలనొప్పి వచ్చి, ఆ కంటిపాప పెద్దదైతే అది రెప్ప జబ్బు కాదు. మెదడు రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు. గంటల్లో పెద్దాస్పత్రికి చేరాలి.

8. ఎక్కడికి పోవాలి

కంటి డాక్టర్లందరూ రెప్ప డాక్టర్లు కారు. మోతిబిందు వేలల్లో చేసిన చెయ్యికి రెప్ప కండరం అలవాటు ఉండాలని లేదు. ఆక్యులోప్లాస్టీ అని వేరే చదువుంది, ఆ మాటతోనే అడగండి. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఆ విభాగం ఉంది. సినిమా మనిషి ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, సొమ్ముతో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు నిలబెట్టింది అది. మనకు దగ్గర్లో పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి (1991), కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి, తిరుపతి అరవింద్ (2019), బెంగళూరులో ప్రభుత్వ మింటో ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికి పోయినా రెప్ప డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో ఫోన్లో కనుక్కుని బస్సెక్కండి. మొదటి ఆపరేషన్ కాగితాలు తీసుకుపోండి. ఏ పద్ధతి, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ దారం అన్నది వాటిలో ఉంటుంది. ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, కానీ గుండె డాక్టరును అడక్కుండా సొంతంగా ఆపొద్దు.

9. పిల్లల లెక్క వేరు

పుట్టుకతో రెప్ప వాలిన పిల్లల్లో లివేటర్ కండరమే సరిగా తయారై ఉండదు. నారగా ఉంటుంది, సాగదు. కింది చూపు నుంచి పై చూపుకు రెప్ప ఎంత లేస్తుందో కొలిస్తే బాగున్నవాళ్ళకు 15 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. 4 లోపల ఉంటే కండరాన్ని బిగించి లాభం లేదు, రెప్పను నుదుటి కండరానికి కలుపుతారు. దానికి సిలికాన్ దారమో, తొడ నుంచి తీసిన పట్టీయో వాడతారు. ఇలా చేసిన పిల్ల ఎదురుగా చూస్తే రెండు కళ్ళూ సమానంగా ఉండొచ్చు. పుస్తకం చదవడానికి కిందికి చూస్తే మాత్రం ఆ రెప్ప పైనే ఉండిపోతుంది. నిద్రలో కన్ను కొంచెం తెరుచుకుని ఉంటుంది. ఇది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు, ఆ కండరం గుణం. తల్లికి ఈ మాట ముందే చెప్పకపోతే జీవితాంతం డాక్టరును తిట్టుకుంటుంది.

ఒకపక్క బాగా వాలిన పిల్లలకు కొందరు డాక్టర్లు రెండు కళ్ళకూ చేద్దామంటారు. 1965లో అమెరికా డాక్టరు క్రోవెల్ బియర్డ్ చెప్పిన దారి ఇది. బాగున్న రెప్పలో కూడా లివేటర్ కండరాన్ని తీసేసి, రెండు రెప్పలనూ నుదుటికి కలిపితే రెండూ ఒకే తీరుగా కదులుతాయని. "బాగుండే కన్నును ఏమిటికి కోస్తారు సార్?" అని ఒక తల్లి నన్నడిగింది. నాకు కూడా ఆ పద్ధతి మీద మనసు పోదు. ఆలోచించి చెప్తామని వాయిదా అడిగే అవకాశం మీకుంటుంది, తీసుకోండి.

వాయిదా వేయకూడనిది చూపు. రెప్ప కంటిపాపకు అడ్డం పడితే, లేదా నల్లగుడ్డును ఒత్తి చూపులో వంకర తెస్తే, ఆ కన్ను చూడటం నేర్చుకోదు. సోమరి కన్ను అంటారు. చిన్నవయసులో పట్టుకుంటే అద్దాలతో, బాగున్న కంటికి పట్టీ వేసి నయం చేస్తారు. వయసు పెరిగేకొద్దీ అది కష్టమైపోతుంది. తర్వాత రెప్పలు ఎంత సమానంగా కుదిరినా పోయిన చూపు రాదు. 2019 అక్టోబర్ 10న కంటి వెలుగు పథకాన్ని మన అనంతపురంలోనే మొదలుపెట్టారు, మొదట బడి పిల్లలనే చూశారు. కానీ బడిలో చేరేదాకా ఆగితే కొందరికి ఆలస్యమే. అంగన్‌వాడీ అమ్మలకు, ఒకటో తరగతి టీచర్లకు నా విన్నపం: గడ్డం పైకెత్తి, వాలిన రెప్ప కిందినుంచి పలక చూసే పిల్లను పొగరనుకోకండి. ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించమని తల్లికి చెప్పండి.